సీసా దేంతో కడిగారు?

మా హాల్లో చేపల తొట్టె అమర్చి ఇచ్చింది గుణదలలో మా వీధి చివర అక్వేరియం షాపు నడిపే ఆయన. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవారు. నేను షాపు ముందు ఆగితే చాలు, లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసేవారు. వాళ్లమ్మాయి నేను కెమిస్ట్రీ చెప్పే కాలేజీలోనే ఇంటర్ రెండో సంవత్సరం, నా సెక్షన్. ఆ అమ్మాయి గురించి నన్ను ఏనాడూ ఏదీ అడగలేదు ఆయన. "బాగా వింటోందా సార్?" అని మాత్రం ఒకసారి అన్నారు.

ఆ ఏడు వానలు తగ్గాక తొట్టె పచ్చబడింది. అద్దాల మీద నాచు, ఇసుక మీద నాచు. వారంలో మూడు ఏంజెల్ చేపలు చచ్చిపోయాయి. కిటికీ ఎండ పడకుండా తొట్టె జరపమంది మా ఆవిడ. మేత తగ్గించమంది. నేను కెమిస్ట్రీ వాణ్ణి కాబట్టి కారణం అంకెల్లో దొరకాలనుకున్నాను. ఫాస్ఫేట్ ఎక్కువైతే నాచు పెరుగుతుందని చదివి, దాన్ని కొలిచే డిజిటల్ మీటరు ఆన్‌లైన్లో తెప్పించాను.

అది పిడికిట్లో పట్టేంత ఉంటుంది. దాంతో వచ్చిన చిన్న గాజు సీసాలో నీళ్లు గీత దాకా పోసి, మీటరులో పెట్టి మీట నొక్కితే సున్నా చూపిస్తుంది. అప్పుడు పొట్లంలోని పొడి ఆ నీళ్లలో కలిపి, బాగా ఊపి, మళ్లీ పెట్టాలి. ఫాస్ఫేట్ ఉంటే నీళ్లు నీలం తిరుగుతాయి. ఎంత నీలమో మూడు నిమిషాల్లో అంకె చెబుతుంది. సీసాను వంటింటి సింకులో తళతళలాడేలా తోమి పరీక్ష చేశాను. ఒకటి పాయింట్ తొమ్మిది. ఇళ్లలో పెంచే చేపలకి అది చాలా ఎక్కువ. మర్నాడు భాయ్ దగ్గర రెండు గప్పీ చేపలు కొని, ఆ కవరులోని నీళ్లు కొలిచాను. రెండు పాయింట్ ఒకటి. నా చేపల్ని చంపిందెవరో తేలిపోయిందనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే మీటరు పట్టుకుని షాపుకి వెళ్లాను. చర్చి నుంచి పిల్లలతో వస్తూ చేపలు చూడ్డానికి ఆగిన కుటుంబాలు రెండు మూడు ఉన్నాయి. భాయ్ కుర్చీ తెచ్చారు. నేను కూర్చోలేదు.

"ఏం నీళ్లు భాయ్ ఇవి? చేపలతో పాటు విషం కూడా కట్టిస్తున్నారా కవర్లో?"

ఆయన మీటరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది నాకు తెలీదు సార్. నీళ్లు రోజూ మారుస్తానండీ. మా చేపలన్నీ ఈ నీళ్లలోనే ఉన్నాయి కదా."

"అంకె కనపడుతోంది కదా. ఇది సైన్సు. మీకేం తెలుస్తుంది?"

ఆ మాట అన్నాక కూడా నాకేమీ అనిపించలేదు. చేపల కవరు చేతిలో పట్టుకున్న ఒకావిడ దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది. అది చూసి మంచి పని చేశాననే అనుకున్నాను. ఇంటికొచ్చి, ఊళ్లో చేపలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో మీటరు ఫొటో, షాపు పేరు పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. కొందరు వేరే గ్రూపులకి పంపారు.

పది రోజుల తర్వాత తొట్టె నీళ్లు మార్చి మళ్లీ కొలిచాను. అంకె తగ్గలేదు. చిరాకేసి, కొత్త వాటర్ బాటిల్ మూత తీసి ఆ నీళ్లే పోసి చూశాను. రెండు పాయింట్ సున్నా! తాగే నీళ్లలో అంత ఫాస్ఫేట్ ఎక్కడిది? సీసాను వెలుతురుకి పట్టి చూస్తే మూత మరలో తెల్లటి మరక కనిపించింది. నేను ప్రతిసారీ సీసా తోమిన గిన్నెల పొడి. అలాంటి పొడుల్లో ఫాస్ఫేట్ ఉంటుందని ఇరవై ఏళ్లుగా పిల్లలకి చెబుతున్నవాణ్ణి నేను. సీసాను డిస్టిల్డ్ వాటర్‌తో ఏడెనిమిదిసార్లు కడిగి, గప్పీలు వచ్చిన కవరులో దాచి ఉంచిన నీళ్లు కొలిచాను. పాయింట్ సున్నా ఆరు. భాయ్ నీళ్లు నిక్షేపంలా ఉన్నాయి. నా చేపల్ని చంపినవి ఆ కిటికీ ఎండ, నేను రోజుకి మూడుపూటలా వేసిన మేత.

మా ఆవిడకి కూడా చెప్పలేదు. గ్రూపులో రాద్దామని మొదలుపెట్టి చెరిపేశాను, ఒకసారి కాదు, చాలాసార్లు. కాలేజీకి వేరే వీధిలోంచి తిరిగి వెళ్లడం మొదలుపెట్టాను.

ఆ వారంలోనే ల్యాబులో లవణాలు గుర్తుపట్టే ప్రాక్టికల్. మైలవరం నుంచి బస్సులో వచ్చే ఒక విద్యార్థి తనకిచ్చిన ఉప్పులో ఫాస్ఫేట్ ఉందని రాశాడు. నేనిచ్చింది మామూలు క్లోరైడు.

"టెస్ట్ ట్యూబు దేంతో కడిగావు?" అని అరిచాను.

"సబ్బు పొడితో సార్."

"సబ్బు పొడితో కడిగి ఉప్పు మీద పెడతావా తప్పు?"

అంటూనే తల తిప్పాను. భాయ్ కూతురు పక్క బల్ల దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. కోపంగా కాదు. నా చూపు తగలగానే తల వంచుకుని, చేతిలో ఉన్న ట్యూబునే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. నా సీసా సంగతీ అంతేనని ఆ అమ్మాయికి తెలుసు.

సాయంత్రం షాపుకి వెళ్లాను. ఎవరూ లేరు. తప్పు నాదేనని, సీసా సరిగా కడగలేదని చెప్పాను. ఆయన వల కడుగుతూనే విన్నారు.

"మా అమ్మాయి ఆ రోజే చెప్పింది సార్. సీసా దేంతో కడిగారో సార్‌ని అడగండి నాన్నా అంది. నేనే వద్దన్నాను. చదువు చెప్పే ఆయన్ని అట్లా అడిగితే బాగోదన్నాను."

ఆయన వల దులిపి మేకుకి తగిలించారు.

"గ్రూపులో కూడా ఒక ముక్క రాయండి సార్. జనం వచ్చి నీళ్ల సంగతే అడుగుతున్నారు" అన్నారు.

అక్కడే నిలబడి రాశాను. ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టారు. మొదటిదాన్ని పదిమందికి పంపినవాళ్లెవరూ దీన్ని పంపలేదు. ఆ రోజు ఆయన కుర్చీ వెయ్యలేదు. ఆ తర్వాత కూడా వెయ్యలేదు. అడిగిన వస్తువు ఇస్తారు, మర్యాదగానే మాట్లాడతారు.

మర్నాడు క్లాసులో జరిగింది జరిగినట్టు చెప్పాలనే నిశ్చయంతో వెళ్లాను. బోర్డు ముందు నిలబడ్డాను. అరవైమంది నా వైపు చూస్తున్నారు. "నా స్నేహితుడొకాయన ఉన్నారు, ఆయన కూడా లెక్చరరే..." అని నోటి నుంచి వచ్చింది. ఇక వెనక్కి తీసుకోలేకపోయాను. సీసా సంగతి, మీటరు సంగతి, షాపు ముందు జరిగిన గొడవ అంతా ఆ స్నేహితుడి మీద పెట్టి చెప్పాను. క్లాసంతా ఆ స్నేహితుణ్ణి తలుచుకుని నవ్వింది. రెండో వరసలో భాయ్ కూతురు నవ్వలేదు. గాజు సామాను డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలని నోట్సులో రాసుకుంటోంది.