వెనిస్ గది వేలంపాట

మా బావతో కలిసి ఇంకోసారి వేలంపాటలో కూర్చోమంటే ఇల్లు వదిలి పోతాను. ఈ మాట ఆయన ముందే చాలాసార్లు అన్నాను. ఆయన నవ్వి ఊరుకుంటాడు. నవ్వక ఆయనకేం, కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కింది నేను కదా.

మాది నంద్యాల. నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. మా వారికి బజారులో ఎరువుల అంగడి. అక్కను ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో ఇచ్చారు. బావవి కె.సి. కాలువ చిట్టచివరి భూములు. పైవాళ్లందరూ తడుపుకొన్నాక మిగిలితే ఆయనకు నీళ్లు, లేకపోతే లేదు. ఏటా ఆ నీళ్ల కోసం పోట్లాడి పోట్లాడి గొంతు పోగొట్టుకున్న మనిషి, ఒకసారి టీవీలో వెనిస్ చూశాడు. వీధుల నిండా నీళ్లే. ఆ రోజునుంచీ ఒకటే మాట. "అట్లాంటి ఊరు ఒకసారి కండ్లారా చూడల్ల."

పసుపు బాగా పండిన ఏడాది ఆ ముచ్చట తీర్చుకుందామన్నాడు. ఇంగ్లీషు వచ్చినదాన్ని కాబట్టి నన్నూ రమ్మన్నారు. అంగడి ఎవరు చూస్తారని మా వారు తప్పించుకున్నారు. ముందు పారిస్, అక్కడ మా వారి బంధువుల ఇంట్లో హాల్లో సర్దుకోవచ్చు. ఆ తర్వాత వెనిస్‌లో నాలుగు రోజులు. గదులు కావలసింది ఆ నాలుగు రోజులకే.

అక్కకు వెనిస్ మీద ఏ ఆశా లేదు. ఆమె ఆశ వేరే. ఒక మధ్యాహ్నం వాళ్లింటి వసారాలో ఇద్దరం చింతపండు గింజలు తీస్తుంటే, తలెత్తకుండానే అడిగింది.

"పాపా, ఆడ నాకొక రూము తీస్తావా? నాకొక్కదానికే. లోపల గొళ్లెం ఉండల్ల."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మీ బావకు చెప్పొద్దు. ఆయనా నవ్వుతాడు."

అప్పుడు నాకా ఇల్లు కొత్తగా కనబడింది. పగటిపూట ఆ ఇంట్లో ఎవరూ గది తలుపు వేసుకోరు. వేస్తే ఇంట్లో ఎవరికో జ్వరమన్నా వచ్చి ఉండాలి, గొడవన్నా జరిగి ఉండాలి. పక్కింటివాళ్లు కూడా వచ్చి ఏమైందని అడుగుతారు. అత్త మంచాన పడి ఉన్నన్నాళ్లూ ఆమె పక్కన, పిల్లలు పుట్టాక పిల్లల పక్కన, పిల్లల పిల్లలు వచ్చాక వాళ్ల పక్కన పడుకుంది మా అక్క. ఊళ్లు తిరిగినా అంతే. తిరుపతిలోనైనా శ్రీశైలంలోనైనా ఒక గదిలో ఎనిమిదిమంది. తన చేత్తో తలుపేసుకుని ఒక పూట ఒంటరిగా కూర్చున్నది లేదు. తీస్తానని మాటిచ్చాను.

మాటయితే ఇచ్చాను గానీ, మనిషికొక గది అంటే వెనిస్ ధరలకు గుండె ఆగుతుంది. అప్పుడు మా కాలేజీలో ఒకావిడ ఈ వేలంపాట సంగతి చెప్పింది. అదొక వెబ్‌సైటు. ఊళ్లో ఏ పేట కావాలో, ఎన్ని నక్షత్రాల హోటలు కావాలో గుర్తుపెట్టి, మన ధర మనమే రాయాలి. ఎవడో ఒక హోటలువాడు సరేనంటే మన కార్డులోంచి డబ్బు అక్కడికక్కడే పోతుంది. ఆ తర్వాతే హోటలు పేరు చెబుతారు. నచ్చలేదన్నా తిరిగివ్వరు. సగం ధరకే దొరుకుతాయని ఆవిడ ఊరించింది. సగం ధరకు దొరికితే మూడు గదులు తీయవచ్చు, అక్క గది అందులోనే కలిసిపోతుంది, బావకు వేరే చెప్పే పని ఉండదు. ఇదీ నా లెక్క.

నేను చేసిన తప్పు బావ దగ్గర పాట అన్న మాట ఎత్తడం.

మా బావ పాటలో దిట్ట. రోడ్డు పక్క చింతచెట్ల కాపుకు, చెరువులో చేపలకు ఏటా వేలం పెడతారు కదా, ఆ చుట్టుపక్కల ఏ పాటకైనా ఆయన ఉండాల్సిందే. అవుకు చెరువు దాకా వెళ్లి పాడి వచ్చిన మనిషి. పాట అనగానే మర్నాడే ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలుతో మొదటి బస్సెక్కి నంద్యాలలో దిగాడు. కాఫీ తాగాడు, నా పక్కన కుర్చీ వేసుకున్నాడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నా చెవిలో అంకె చెప్పాడు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

"బావా, అది మరీ తక్కువ. అందరూ రాసేదాంట్లో మూడో వంతు కూడా లేదు."

"యాడన్నా మొదట్నే అసలు ధర చెప్తారా? కింద మొదలుపెట్టి వాని మొగం చూస్తా పైకి పోవల్ల."

"ఇక్కడ ఎవరి ముఖమూ కనబడదు. మూడు గదులు కావాలి, సరిగ్గా రాద్దాం."

"మూడెందుకు? ఒకటి కొట్టు ముందు."

కొట్టాను. వద్దన్నారు. మళ్లీ రాయాలంటే పేటన్నా మార్చాలి, నక్షత్రాలన్నా మార్చాలి, లేదంటే ఒక రోజు ఆగాలి అని తెరమీద వచ్చింది. చదివి చెప్పాను. బావకు కోపం నషాళానికి అంటింది.

"పాట పెంచుతా అంటాంటే వద్దంటాడేందీ? వీడేం మనిషి!"

మనిషి కాదు బావా, యంత్రం అన్నాను. ఆయన లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఇలాంటివాళ్లను ఎట్లా దింపాలో తనకు తెలుసన్నాడు. వాళ్ల వైపు ఒక పద్ధతుంది. సర్కారు పెట్టిన ధర ఎక్కువనిపిస్తే పాటకు అందరూ వస్తారు, చెట్ల కింద కూర్చుంటారు, ఒక్కరూ నోరు విప్పరు. అధికారి చూసి చూసి పాట వాయిదా వేస్తాడు. రెండోసారీ అంతే. మూడోసారికి ధర దిగివస్తుంది. అప్పుడు పాడతారు. చేపల పాటలో ఏటా జరిగేదే.

"పది దినాలు గమ్మునుండు. వాడే దిగొస్తాడు."

ఆళ్లగడ్డ దగ్గర ఒకాయన అలిగి పాట ఆపాడని వెనిస్‌లో ఎవరికి తెలుస్తుంది? ప్రపంచమంతా ఆ గదులు కొంటూనే ఉంటుంది కదా? ఎన్ని విధాల చెప్పినా వినలేదు. డబ్బు ఆయనది, ఖర్చుపెట్టేదీ ఆయనే, గట్టిగా అనలేకపోయాను. రోజూ కాలేజీ నుంచి రాగానే ధరలు చూసేదాన్ని. పెరుగుతున్నాయి. ఫోను చేసి చెబితే, "అది బెదిరింపు, నువ్వు బెదరాకు" అనేవాడు. ఒకరోజు ఫోను అక్క తీసుకుని, "నా రూము సంగతేమైంది పాపా?" అని మెల్లగా అడిగింది. చూస్తున్నానక్కా అన్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. బావమీద కోపం వస్తే ఆయనకు చెప్పాలి గానీ మా వారిమీద అరిచాను.

పది రోజులయ్యాయి. ఇంకో మూడు రోజుల్లో హైదరాబాదులో వీసా ఆఫీసుకు వెళ్లాలి. గదులు ఖాయమైనట్టు కాగితం పెట్టాలి. ఈసారి అక్క కూడా బావతో వచ్చింది, నా వెనక మంచంమీద కూర్చుంది.

బావ మళ్లీ చెవిలో అంకె చెప్పాడు, ఈసారీ ఒక గదికే. మొదటిదానికన్నా కొంచెం ఎక్కువ. వద్దన్నారు. ధర పెరిగింది బావా, పది రోజుల కిందటైతే దీనికి ఒప్పుకునేవాళ్లేమో అన్నాను. నాకు ఓపిక చచ్చిపోయింది. రేపటిదాకా ఆగే వీల్లేదు, పేట మార్చితే ఇప్పుడే ఇంకొకసారి రాయనిస్తారు. జాబితాలో మెస్ట్రే అని ఇంకో పేట ఉంది. అదెక్కడుందో చూడకుండానే టిక్కు పెట్టాను. తప్పు నాది, ఒప్పుకుంటాను.

"ఇంగొంచెం పెంచి కొట్టు" అన్నాడు బావ. కొట్టాను. ఊపిరి తీసుకునేలోగా అభినందనలు అని వచ్చింది. డబ్బు పోయింది.

"ఏందీ? అయిపాయెనా?"

"అయిపోయింది."

"ఒకటోసారి, రెండోసారి అనల్ల కదా!"

"అనరు బావా."

గెలిచినవాడిలా లేడాయన. కుర్చీలో కూలబడ్డాడు. మొదటి పిలుపుకే పాట కొట్టేశారంటే అది పుచ్చు సరుకే అన్నాడు. అందులో మాత్రం ఆయన చెప్పిందే నిజమైంది. మెస్ట్రే అంటే వెనిస్ కాదు. నీళ్లకు ఇవతల, గట్టుమీద ఉన్న ఊరు. హోటలు రైల్వే స్టేషను పక్కనే. నీళ్ల వీధులు చూడాలంటే వంతెనమీద బస్సెక్కి పోవాలి.

"పోనీలే, ముగ్గురం ఆ రూములోనే ఉందాం. నేను కింద చాప ఏసుకుంటా" అన్నాడు. హోటలుకు ఈమెయిలు పెట్టాను. గదికి ఇద్దరే, మూడోవాళ్లు కిందా పైనా ఎక్కడా పడుకోకూడదని గంటలోనే జవాబిచ్చారు. బావ ఆ జవాబు నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. అద్దెకు తీసుకున్న గదిలో నేల మనది కాకుండా ఎట్లా పోతుందో ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు. ఇక ఆయన్ని అడగలేదు. అదే హోటల్లో మామూలు ధరకు ఇంకో గది తీసుకున్నాను. మూడోది కూడా తీద్దామని చూస్తే, ఆ తేదీలకు గదులు లేవు. ఆ దరిదాపుల్లో మిగిలినవి మా అందుబాటులో లేవు.

అప్పుడు వీసా కాగితంమీద ఏ గదికి ఎవరి పేర్లో రాయడానికి కూర్చుని చూసుకున్నాను. రెండు గదులు, ముగ్గురు మనుషులు. అక్కా బావా ఒక గదిలో ఉంటే నేను ఒక్కదాన్నే. అక్కా నేనూ ఉంటే బావ ఒక్కడే. బావా నేనూ ఉండం. ఎటు తిప్పినా ఒంటరి గది నాకో బావకో వస్తుంది. అక్కకు రాదు. ముగ్గురిలో ఆ గది అడిగింది ఆమె ఒక్కతే.

వెనక్కి తిరిగి చూశాను. ఆమెకు నాకంటే ముందే అర్థమైనట్టుంది. "వద్దులే పాపా" అంది. "పెండ్లికొచ్చిన వియ్యంకులమా ఏంది, మనిషికొక రూము!" అన్నాడు బావ, సంగతి తెలియక. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పది రోజులు గమ్మునుండమన్న ఆయనమీద కోపం, ఉన్న నామీద ఇంకా కోపం.

వీసా వచ్చింది, వెళ్లాం. పారిస్‌లో ఆ బంధువుల హాల్లో అందరమూ వరసగా పడుకున్నాం. అక్కడినుంచి మెస్ట్రే. అక్కా నేనూ ఉన్న గది కిటికీ తీస్తే రైలు పట్టాలు, ఒక గోడ. నీటి చుక్క కనబడదు. మొదటి రోజు ముగ్గురం వంతెన దాటి వెళ్లాం. బావ వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుకమీద వేసుకున్నాడు. "ఉప్పు నీళ్లు. మడికి పనికిరావు" అన్నాడు. అయినా సాయంత్రందాకా ఆ నీళ్లను విడిచి రాలేదు.

రెండో రోజు పొద్దున అక్క మోకాళ్లు నొప్పులంది. మీరు పోండి, నేను పడుకుంటా అంది. బావా నేనూ వెళ్లాం. మధ్యాహ్నం తిరిగేసరికి నా కాళ్లు బొబ్బలెక్కాయి. గదికి వచ్చి నా తాళం కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. లోపల గొళ్లెం వేసి ఉంది.

తట్టాను.

"ఎవరూ?" లోపలినుంచి అక్క గొంతు.

"మేమే అక్కా. తలుపు తీయి."

"ఇంగొంచేపు తిరిగి రాండి."

బావ హడలిపోయి ముందుకు వచ్చాడు. పట్టపగలు తలుపేసుకుంది కదా. "ఏమైంది? జ్వరమా?"

"ఏం ల్యా. బాగానే ఉండా."

"మరి లోపలేం చేస్తాండావ్?"

"ఏం చేయడంల్యా. కూచున్యా."

ఆయన పోయి మెట్లమీద కూర్చున్నాడు. నేనూ చెప్పులు విప్పి పక్కన కూర్చున్నాను. ఇక దాచి ప్రయోజనం లేదని, చింతపండు దగ్గర అక్క అడిగింది మొదలు రెండు గదుల లెక్కదాకా మొత్తం చెప్పేశాను. పాట ఆపిన పది రోజుల్లో ఏం పోయిందో కూడా చెప్పాను, మెత్తగా చెప్పలేదు. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తువ్వాలు తీసి మోకాళ్లమీద మడతపెడుతూ, మళ్లీ విప్పుతూ అడిగాడు.

"ఇంగ ఎన్ని దినాలుండాం ఈడ?"

"రెండు."

"రేపు పొద్దున్నే బేగా పోదాం" అన్నాడు. "మాపటేల దాకా రావద్దు. ఎల్లుండి కూడా."

ఈ బొబ్బలెక్కిన కాళ్లతో ఆయన వెంట ఇంకో రెండు రోజులు ఆ ఉప్పునీళ్ల చుట్టూ తిరగాలా అని నాకు ఏడుపొచ్చింది. సరే బావా అన్నాను.