మీసం దాకా వచ్చిన మావయ్య

మా మేనత్త జన్మలో నన్ను అడిగిన పని ఒక్కటే. చాలా చిన్న పని. దాన్ని నేను వారం రోజులు నాన్చి, చివరికి వీధి వీధంతా చూస్తుండగా పరువు తీసుకుని మరీ చేశాను.

మావయ్య పోయిన మూడో రోజున అత్త నన్ను పక్కకి పిలిచింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది గాని, మాట మాత్రం ఎప్పట్లాగే కరుగ్గా ఉంది.

"ఒరే, పదోనాడు నా బొట్టు తీసేస్తారు. ఈలోగా మీ మావ ఫొటో ఒకటి తీయించి తే. బొట్టుతోటి ఉండగానే ఆయనకెదురుగా ఒక్కపాలి కూకోవాల. ఆ తరవాత కూకున్నా ఒకటే, కూకోకపోనా ఒకటే."

తీయించడం ఏమిటి, స్టూడియో ఎందుకు, నా దగ్గర ప్రింటరుండగా, అన్నాను. హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. కరోనాలో బడి ఫోనులోకి వెళ్లిపోయినప్పుడు కొన్న వైర్లెస్ ప్రింటరది. వీధిలో ఇంకెవరికీ లేదు. అంచేత నాకు కొంచెం పొగరుండేది. ఇప్పుడు లేదు.

నిజానికి నెలన్నరగా దానికో జబ్బు పట్టుకుంది. ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ వెలుగుతుంది. కరకరమని లోపలి తలకాయని ఈ చివరి నుంచి ఆ చివరికి లాక్కుంటుంది. 'ఇప్పుడేం చెయ్యమంటారు?' అన్నట్టు దీపం ఆర్పుతూ వెలిగిస్తూ నిలబడుతుంది. ముసలిదైపోయిందిలే, సర్దుకుంటుందిలే అని ఊరుకున్నాను. ఒక్క ఫొటోకి ఎంతసేపని తొమ్మిదో రోజు మధ్యాహ్నం దాకా దాని జోలికి పోలేదు. నా అంత బుద్ధిమంతుడు జిల్లాలో ఉండడు.

ఫొటో ఫోనులో ఉంది. శ్రీముఖలింగం వెళ్లినప్పుడు తీసింది. మావయ్య నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ప్రింటు నొక్కాను. జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది, మిషను ఆరిపోయింది. మళ్లీ వెలిగి, ఆ కాగితాన్ని బయటికి ఉమ్మేసింది. రెండోసారి కళ్ల దాకా వచ్చాడు. మూడోసారి మీసం దాకా. ఆ పైన ఎన్నిసార్లు నొక్కినా మీసం దాటి ఒక్క గీత కిందికి రాలేదు. సాయంత్రం నాలుగయ్యేసరికి బల్ల మీద ఏడుగురు మావయ్యలు తేలారు, ఒక్కడికీ నోరు లేదు. అసలు మావయ్యకున్నదే ఆ నోరు. ఆయన పెరట్లో మాట్లాడితే బస్టాండులో వాళ్లు సమాధానం చెప్పేవారు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. మీకు సేతకాక దాన్ని తిట్టడమెందుకు?" అంది మా ఆవిడ. "దక్షిణం మొహం ఎట్టీసినారు. తూర్పుకి తిప్పండి."

తిప్పాను. తూర్పు మొహంగా ఆరిపోయింది.

కంపెనీ వాళ్లకి ఫోను చేశాను. బోలెడంతసేపు పాట వినిపించి, ఒకమ్మాయి లైన్లోకి వచ్చింది.

"సార్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేసి చూడండి."

"అమ్మా, దాని జబ్బే అది. మధ్యాహ్నం నుంచీ అది చేస్తున్న పనల్లా అదొక్కటే."

"ఓకే సార్. ఇప్పుడు మీరు చెయ్యండి."

చేశాను. ఏం చేస్తాను? తర్వాత వైఫై పెట్టె ఆపమంది. ఆపాను. ఆపిన రెండు నిమిషాల్లో గోడ మీంచి ఒక తల, గేటు దగ్గర ఇద్దరు మనుషులు. "ఏటి మాస్టారూ, నెట్టు పోనాదేటి? సీరియల్లో పెళ్లి అవతన్నాది!" నా పాస్‌వర్డు వీధిలో పిల్లా పీచూ అందరికీ తెలుసని అలా బయటపడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. మా ఆవిడ మాత్రం నా మొహం చూడకుండా వంటింట్లోకి పోయింది.

చివరికి ఆ కంపెనీ అమ్మాయి, వోల్టేజీ తక్కువేమో చూసుకోమని చెప్పి ఫోను పెట్టేసింది. స్టూడియోకి పోదామంటే, అక్కడి ఫొటోగ్రాఫరు పెళ్లి ఫొటోలకని విజయనగరం వెళ్లి కూచున్నాడు, రేపు గాని రాడు. వీధి చివర కిరాణా కొట్లో ఫ్రిజ్జుకి స్టెబిలైజరుంది. సరే అని ప్రింటర్ని చంకనెత్తుకుని బయల్దేరాను. వైరు వెనకాల నేల మీద ఈడ్చుకుంటూ వస్తోంది. దాన్ని ఎత్తి పట్టుకుని మా ఆవిడ. అరుగుల మీది వాళ్లు లేచి నిలబడ్డారు. ఒకాయన చెప్పులు విడిచాడు కూడా, ఏమనుకున్నాడో ఏమో.

కొట్టాయన అడ్డం నిలబడ్డాడు. "ఉండు బావా. ఇందులోంచి వచ్చింది పోయినాయన ఫొటో కదేటి? పదోనాడు అవకుండా కొట్లోకెట్టొచ్చా? మైల కాదా?"

"మిషనుకి మైలేటి బావా! దానికి గోత్రముందా?"

"ఏమో బావా, నాకు తెల్దు. పసుపునీళ్లు సల్లి అట్టుకురా."

నాకు ఒళ్లు మండిపోయింది. కరెంటు సామానుమీద నీళ్లేమిటని అరిచాను. ఆయన ఒక్క చుక్క వైరు మీద చల్లి, అప్పుడు గాని ప్లగ్గు వదల్లేదు. స్టెబిలైజరు ఆకుపచ్చగా వెలిగింది. మావయ్య మీసం దాకా వచ్చాడు. ఆరిపోయాడు. "మరి మీసమే రాసిపెట్టి ఉన్నాదేమో" అన్నాడు కొట్టాయన, ఒక నిమ్మకాయ చేతిలో పెట్టి.

ఈ సంగతంతా నాకంటే ముందు అత్తకి చేరిపోయింది. ఇన్వర్టరు మా ఇంట్లో ఉన్నాది, ఇక్కడికే అట్టుకురమ్మనండని కబురొచ్చింది. సిగ్గుతో చచ్చిపోతూ వెళ్లాను. అత్త గది మూల చాప మీద కూర్చునుంది. ఆవిడ పక్కనే మావయ్య పెద్దక్క. చాలా ముసలావిడ, కుర్రతనంలోనే మొగుడు పోయాడు. మర్నాడు అత్త బొట్టు తీయడానికని ఊరి నుంచి ఆవిణ్ణే పిలిపించారు.

నోరులేని మావయ్యల్ని అత్తకి చూపించాల్సి వచ్చింది. ఆవిడ ఒక్కొక్కటే తిరగేసింది.

"నోరు నేకుండా ఈయన్నెప్పుడూ సూళ్లేదురా," అంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. నవ్వింది. తొమ్మిది రోజుల్లో అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

అంతలో అత్త చూపు మిషను మీద పడింది. "అదేటిరా ఎర్రగా?"

పవర్ బటన్. గుండ్రంగా, మధ్యలో కొంచెం గుంటగా ఉంటుంది. దాని నిండా గంధం, గంధం మీద కుంకుమ. మావయ్య పెట్టిందే. పోయిన దసరాకి ఆయుధపూజ అని తన కొడవళ్లకీ, స్కూటరుకీ, అత్త కుట్టుమిషనుకీ బొట్టు పెట్టి, ఇంకా గిన్నెలో గంధం మిగిలిపోయిందని మా ఇంట్లోకొచ్చాడు. "సూడు, బొట్టెట్టుకోడానికి కంపెనీవోడే గుంట సేసినాడు" అంటూ బొటనవేలితో గట్టిగా అదిమాడు. నేను పక్కనే నిలబడి నవ్వాను. గంధం అంచుల్లోకి దిగి, ఎండి, ఈ వానల చెమ్మకి ఉబ్బింది. బటన్ లోపలికి నొక్కుకుపోయి ఇరుక్కుంది. మనం ఎప్పటికీ నొక్కే ఉంచామనుకుని, పాపం, ఆ మిషను ఆరుతూ వెలుగుతూ ఉంది. లెక్కల మాస్టార్ని, నెలన్నరగా దాన్ని చూస్తూ కూడా అది నా బుర్రకి తట్టలేదు.

ఇప్పుడు నాకు చెయ్యి రాలేదు. ఆయన వేలిగుర్తు అందులో ఇంకా కనిపిస్తోంది. దాన్ని గీకెయ్యమంటే ఎలా?

"వద్దులే అత్తా. ఎలాగోలా..."

"ఇటివ్వు." గాజుకున్న పిన్నీసు తీసింది. ఒళ్లో పెట్టుకుని, పిల్లవాడి చెవిలో గుబిలి తీసినంత నెమ్మదిగా, బటన్ చుట్టూ గీకింది. రాలిన గంధం కొంగులో వేసుకుంది. టక్కుమని బటన్ పైకి లేచింది.

ఈసారి మావయ్య నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి, మీసం వచ్చింది. నోరు వచ్చింది. పళ్లన్నీ వచ్చాయి. గడ్డం కూడా దాటి, చొక్కా బొత్తాల దాకా దిగాడు.

ఫొటోని గోడకి ఆనించాం. అత్త మొహం కడుక్కుని, అద్దం తెమ్మని, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. మమ్మల్ని వెళ్లిపొమ్మనలేదు. ఇటు తిరగకుండానే అంది.

"ఒరే, ఆ మిషనుకంటే బొట్టు అడ్డొచ్చినాది, తీసినాం. నాకేటి అడ్డొస్తన్నాదిరా?"

మధ్యాహ్నం నుంచీ కంపెనీని, కరెంటుని, కొట్టాయన్ని తిడుతూనే ఉన్నవాణ్ణి. ఏమీ అడ్డు రావట్లేదత్తా, తియ్యనివ్వకు అని ఆ క్షణంలో అనుంటే ఎంత బావుణ్ణు. అనలేదు. తల దించుకుని వైరు చుట్టుకున్నాను.

మర్నాడు తెల్లవారగానే పెరట్లో నూతి దగ్గర అత్తని పీట మీద కూర్చోబెట్టారు. ముసలావిడ తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. అత్త తల వెనక్కి తీసుకుని, ఆవిణ్ణి కూడా అదే అడిగింది.

"నాకేటి అడ్డొస్తన్నాది వదినా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ముసలావిడ చెయ్యి సగంలో ఆగిపోయింది. అత్త నుదుటికేసి చూసింది.

"నాకప్పటికి పందొమ్మిదేళ్లే," అంది. "అలాగ అడగొచ్చని నాకెవులూ సెప్పలేదే."

తడిగుడ్డ పిండి, దులిపి, నూతి గట్టు మీద ఆరేసింది.