ఏడాది తేల్చని లెక్కల మాస్టారు

పోయిన బుధవారం పొద్దున్న ఏడు గంటలకు మాస్టారి చెల్లెలు ఫోన్ చేసింది. "సిద్ధాంతి గారూ, అన్న పోయిండు. చాయ్ ఇచ్చి లోపలికి పోయిన. మల్ల వచ్చేసరికి కప్పు ఖాళీ అయింది, అన్న లేడు" అంది. ఎనభై రెండేళ్ల మనిషి. ముందురోజు సాయంత్రం కూడా నాతో నారాయణగూడ దాకా నడిచి, ఇరానీ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్ సగం విరిచి నాకిచ్చిన మనిషి. అలా పోవడం ఆయనకు నచ్చే ఉంటుందని నా నమ్మకం.

మాస్టారు అంటున్నాను గానీ, ఆయన నాకెప్పుడూ పాఠం చెప్పలేదు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, నగరంలో బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక, అప్పటికే భర్త లేని చెల్లెలితో కలిసి చిక్కడపల్లిలో ఒక సందులో మేడ మీద రెండు గదుల్లో ఉండేవారు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేవారు. నేను అశోక్‌నగర్ వాణ్ణి. మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. ఆయన నేర్పిన పంచాంగ గణితం నాకు ఆఫీసు ఉద్యోగం పక్కన మిగిలిన వ్యాపకం. మా ఇద్దరికీ స్నేహం కుదిరింది ఆ పంచాంగం వల్లే.

చిక్కడపల్లి గ్రంథాలయంలో, పోటీ పరీక్షల పిల్లల మధ్య, ఒక పెద్దాయన ఒక పక్క బైబిలు, ఒక పక్క తెలుగు పంచాంగం తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. నేను చూస్తూ నిలబడిపోయాను. ఆయన తలెత్తి, "మీకు గిది చదవ వస్తదా? ఈ అధిక మాసం ఎట్ల తీస్తరో జర చెప్పుండ్రి" అన్నారు.

చెప్పాను. చంద్రుణ్ణి బట్టి పన్నెండు నెలలు లెక్కేస్తే మూడు వందల యాభై నాలుగు రోజులే వస్తాయి. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. ఆ తక్కువ పేరుకుని ఒక నెలంత అయినప్పుడు ఒక నెల అదనంగా వేసుకుంటాం. ఆయన ముఖం వెలిగిపోయింది. పాత కాలపు యూదులూ ఇదే పని చేసేవారట. పంతొమ్మిదేళ్లలో ఏడుసార్లు నెల కలిపేవారట. ఆయన చేస్తున్న పని అప్పుడు చెప్పారు. దానియేలు ప్రవక్త చెప్పిన డెబ్బై వారాలను వారానికి ఏడేళ్ల చొప్పున నాలుగు వందల తొంభై ఏళ్లుగా కొందరు లెక్క వేస్తారు. కానీ ఏ ఏళ్లు? చంద్రుడివా, సూర్యుడివా? నెలకు కచ్చితంగా ముప్ఫై రోజులని, ఏడాదికి మూడు వందల అరవై అని వేసేవాళ్లూ ఉన్నారు. "ఆ మూడు వందల అరవై యాడికెళ్లి వచ్చిందో నాకు సమజైతలేదు" అన్నారు.

"మాకూ మూడు వందల అరవై ఉందండీ. రోజులు కాదు, తిథులు. నెలకు ముప్ఫై తిథులు" అన్నాను.

"తిథులా!" అని ఆయన బల్ల మీద చేత్తో కొట్టారు. గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలంతా తలలెత్తి కసురుకున్నారు. ఇద్దరం బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఆ రోజు మొదలైన మాటలు పద్దెనిమిదేళ్లు సాగాయి.

ఆయన అన్ని లెక్కలూ పెన్సిల్‌తోనే వేసేవారు. పొద్దున పేపరు రాగానే దాని అంచున ఆ రోజు హీబ్రూ తేదీ రాసి, కింద తిథికి ఖాళీ వదిలి, సాయంత్రం నన్నడిగి నింపేవారు. ఇన్ని లెక్కలు వేసే మనిషి, ప్రభువు వచ్చేది ఫలానా ఏడాది అని మాత్రం ఎన్నడూ తేల్చేవారు కాదు. అడిగితే, "దేవుని గడియారం ఎట్ల చేసిండో సూస్తున్న, టైమెంత అని అడుగుతలేను" అనేవారు. అది చమత్కారమనుకున్నాను చాలాకాలం. దాని వెనక ఏముందో ఒక ఆదివారం తెలిసింది.

కొన్నేళ్ల కిందట రాంనగర్‌లో ఒక చిన్న ప్రార్థన హాలుకు బయటినుంచి ఒక ప్రసంగీకుడు వచ్చేవాడు. వచ్చే ఏడు ఫలానా నెలలో లోకమంతా ముగిసిపోతుందని లెక్క కట్టి, కాగితాలు పంచాడు. ఆ కాగితం పట్టుకుని ఒక మేస్త్రీ మాస్టారి ఇంటికొచ్చాడు. పాలమూరు నుంచి పనికోసం వచ్చి బస్తీలో ఉంటున్నవాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, మీరు లెక్కల సారు. గిది నిజమేనా, జర సూడుండ్రి."

"నిజమైతే ఏం చేస్తవు?" అన్నారు మాస్టారు.

"బిడ్డ ఇంటర్ చదువుతున్నది. నర్సు కోర్సు అంటున్నది. ఇంక చదువెందుకు సార్? మాన్పిచ్చి అందరం ఊరికి పోతం. ప్రార్థన చేసుకుంట కూసుంటం."

మాస్టారు కాగితం తీసుకున్నారు. పది నిమిషాల్లో తప్పు దొరికింది. నాకు చూపించారు. క్రీస్తు పూర్వం ఒకటో సంవత్సరం అయిపోగానే వచ్చేది క్రీస్తు శకం ఒకటి. మధ్యలో సున్నా సంవత్సరం అంటూ లేదు. ప్రసంగీకుడు ఆ లేని ఏడాదిని కూడా కలిపేశాడు. నాకు సంతోషమేసింది. "ఇంకేం మాస్టారూ, ఆదివారం ఇది చెబితే సరిపోతుంది" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "సరిపోదు. తప్పు సూపిస్తే దిద్దుకుంటడు. ఇంకో ఏడాది అవతలికి జరుపుతడు. ఆ పిల్ల చదువు ఇప్పుడు కాకపోతే వచ్చే ఏడు ఆగుతది." లోపల వంటగదిలో చెల్లెలు గిన్నెలు కడుగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నారు.

ఆదివారం మాస్టారు, చెల్లెలు, నేను ముగ్గురం రాంనగర్ వెళ్లాం. ప్రసంగం అయ్యాక మాస్టారు లేచి నిలబడ్డారు.

"ఈ అయ్యగారు కట్టిన లెక్క నేను గూడ కట్టిన. అప్పుడు నాకు ఇరవై ఏండ్లు. ఈయన చేసిన సున్న తప్పు నేను చెయ్యలే. మస్తు సక్కగ వేసిన. ఏడాది తేలింది. మా చెల్లె పదో తరగతి. ఊర్ల అందరికన్న మంచిగ చదివేది. ఇంక పరీక్ష ఎందుకని నేనే పోనియ్యలే. మా నాయన పొమ్మంటే గూడ నేనే అడ్డం నిలవడ్డ. ఆ ఏడు వచ్చింది. వానలు పడ్డయి, జొన్న కోసినం, ఆ ఏడు పోయింది. చెల్లె మల్ల బడికి పోలే. అదిగో, అక్కడ కూసున్నది. గిప్పటిదాంక నేను ఆమెకు తప్పు అని చెప్పలే. ఇయ్యాల మీ అందరి ముంగట చెప్తున్న. తప్పు నాది, చెల్లే."

హాలంతా ఆడవాళ్ల వైపు తిరిగింది. ఆవిడ తల వంచుకుని కొంగు కొస వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

ప్రసంగీకుడికి కోపమొచ్చింది. "మాస్టారుకు విశ్వాసం సన్నగిల్లింది" అన్నాడు.

"ప్రభువు వస్తడని నమ్మకం ఉన్నదయ్యా. నా పెన్సిలును అడిగి వస్తడని లేదు" అని మాస్టారు కూర్చున్నారు.

ఇల్లు చేరాక ఆవిడ చేసిందల్లా చెంబుతో నీళ్లు తెచ్చి అన్న చేతికివ్వడం. మర్నాడు సాయంత్రం నేను వెళ్లేసరికి అన్నాచెల్లెళ్లు చాప మీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో నోటుపుస్తకం. "గీ నెల ఎందుకు కలిపినవు? ఊకనే కలుపుతరా?" అని ఆవిడ గట్టిగా అడుగుతోంది. ఆయన ఓపిగ్గా మొదటినుంచి చెబుతున్నారు. ఆర్నెల్లు తిరక్కుండా ఆవిడ ఆయన కూడికల్లో తప్పులు పట్టడం మొదలుపెట్టింది. ఆయన ఆ తప్పులను నాకు గర్వంగా చూపించేవారు. "సూసినవా? అరవై దాటినంక మా చెల్లె నన్ను ఫెయిల్ చేసింది."

మేస్త్రీ కూడా ఆ ఆదివారం హాల్లో వెనక కూర్చుని అంతా విన్నాడు. పరీక్షలు మొదలైన రోజు నారాయణగూడ చౌరస్తాలో చూశాను. బండి మీద వెనక కూతురు, ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరులో హాల్‌టికెట్. మాస్టారికి చెబితే ఆ వార్త నాతో రెండుసార్లు చెప్పించుకున్నారు.

ప్రసంగీకుడు చెప్పిన రోజు కూడా వచ్చింది. నేను కాస్త వెటకారంగానే ఉన్నాను. మాస్టారు నవ్వలేదు. "ఇయ్యాల ఆయన ఒక్కడే కూసోని ఉంటడు. నాకెరుక. ఆ దినం నాతోని ఎవ్వరు మాట్లాడలే" అని నంబరు వెతికించి ఫోన్ చేశారు. చాయ్‌కి రమ్మన్నారు. అతను రాలేదు గానీ, చాలాసేపు మాట్లాడాడు. మాస్టారు ఎక్కువగా వింటూనే ఉన్నారు.

నారాయణగూడ సమాధుల తోటలో మొన్న ఆయన్ని దించేటప్పుడు ఆ మేస్త్రీ కూతురు వచ్చింది. రాత్రి డ్యూటీ ముగించుకుని నేరుగా వచ్చినట్టుంది. మాస్టారి చెల్లెలి భుజం పట్టుకుని చివరిదాకా పక్కనే నిలబడింది.

ఆయన్ని తలుచుకుంటే నాకు మాత్రం కిందటి నెల ఒక సాయంత్రమే కళ్లముందుకొస్తోంది. పాత కాలంలో నెలవంకను ఇద్దరు సాక్షులు చూసి చెబితేనే కొత్త నెల మొదలయ్యేదట. ఆ పద్ధతి ప్రకారం ప్రతి నెలా మా ఇద్దరినీ, చెల్లెల్నీ నన్నూ, మేడ మీదికి పిలిచేవారు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. మూడు కొబ్బరి మట్టలు, వరసగా నీళ్ల ట్యాంకులు, వాటి పైన కాస్త ఎర్రదనం. మబ్బు పక్కకు జరిగి, గోటి అంచంత వంక కనబడింది. ఆవిడ ముందు చూసింది. తర్వాత నేను.

"కనవడ్డదా అన్నా?" అంది ఆవిడ.

మాస్టారు చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని చూశారు. కళ్లలో పొరలు ముదిరి అప్పటికి చాలా రోజులైంది. "కనవడ్డది. ఎంత సన్నగున్నది!" అన్నారు.

ఆయన చూపు నెలవంకకు బాగా ఎడమవైపు, ఉత్త ఆకాశం మీద ఉంది. ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. ఆయన చాలాసేపు అలాగే, ముఖం నిండా నవ్వుతో, అటే చూస్తూ నిలబడ్డారు.