తంగేడు గెనిమ

మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినదాన్ని నేను. మా ఇంట్లో మగ్గం గుంట పక్కనే పొయ్యి, పొయ్యి పక్కనే నా చదువు. కడప జిల్లా దాటి పెద్దగా పోయింది లేదు. గ్రామ సచివాలయంలో సర్వేయరు ఉద్యోగం వచ్చి, ఆలూరు వైపు ఒక మెట్ట ఊళ్లో బస్సు దిగినప్పుడు నన్ను ముందుగా పట్టుకున్నది అక్కడి ఖాళీ. ఎర్రనేల, దాని మీద ఆకాశం, అంతే. మొదటి వారాల్లో చేలల్లో నడుస్తుంటే నిద్రలో నడుస్తున్నట్టే ఉండేది. దూరంగా కనిపించే మనిషి ఎంతసేపటికీ దగ్గరికి వచ్చేవాడు కాదు.

నేను చేరిన ఏడే ఆ ఊరికి భూముల రీసర్వే వచ్చింది. ఊరి పటం పాతకాలం నాటిది, మడతల దగ్గర చిరిగిపోయింది. ఇప్పుడు డ్రోను ఎగరేసి పైనుంచి ఫొటోలు తీస్తారు. ఆ ఫొటోల మీద రైతుల ఎదుటే హద్దులు గీస్తారు. గీసిన గీత కంప్యూటర్లోకి పోతుంది. ఆ తర్వాత ఎవరైనా, ఎక్కడినుంచైనా తమ చేనును ఫోనులో చూసుకోవచ్చు. ఈ మాటలు నేను ఊళ్లో వీధి వీధికీ తిరిగి చెప్పాను. విన్నవాళ్లు తల ఊపారు. నమ్మారో లేదో నాకు తెలియలేదు.

ఆ ఊళ్లో ఒక వదినా మరిదీ ఉన్నారు. ఇద్దరికీ తలలు నెరిసిపోయాయి. ఆమె మొగుడు, అంటే ఆయన అన్న, పోయాక పాత గట్టునే హద్దు అనుకుని పొలం నోటిమాటగా పంచుకున్నారు. కొన్నాళ్లకు వాళ్ల చేల మధ్య గట్టు దగ్గర తగాదా పుట్టింది. గట్టును అక్కడ గెనిమ అంటారు. మరిది గెనిమ దున్నేశాడని ఆమె, వానకు కొట్టుకుపోయిందని ఆయన. పెద్దమనుషులు కూర్చున్నా తెగలేదు. గెనిమ ఉండిన చోట నువ్వు నాగలి పెట్టగూడదంటే నువ్వు పెట్టగూడదనుకుని, ఇద్దరూ అటూ ఇటూ జరిగి దున్నుకుంటూ వచ్చారు. ఇద్దరికీ మాటల్లేవు. పెళ్లిళ్లలో ఒకే పందిరి కింద అటు తిరిగి ఒకరు, ఇటు తిరిగి ఒకరు కూర్చునేవాళ్లట.

డ్రోను వచ్చేముందు గెనిమల మూలలకు సున్నం వేయించాం. అప్పటికి శనక్కాయ పీకేశారు, చేలన్నీ బోడిగా ఉన్నాయి. డ్రోను ఎగరే ముందురోజు సాయంత్రం ఆ వదిన సచివాలయానికి వచ్చింది.

"పాపా, ఆ ఇమానం పైన పోయేటప్పుడు కింద నిలబడుకుంటే మనుషులు గూడా పడతారా?"

"పడతారవ్వా. కానీ చీమంత."

"చీమంతయితే ఏమిలే. నా చేన్లో నేనుండానని తెలవాల గదా."

పొద్దున్నే ఊరంతా బడి వెనక మైదానంలో చేరింది. డ్రోను లేచేటప్పుడు దుమ్ము లేచింది, పిల్లలు కేకలు పెట్టారు. అది పైకి పోయిన కొద్దీ అందరి గొంతులూ తగ్గిపోయాయి. చివరికి ఒక సన్నని రొద మాత్రం మిగిలింది. జనమంతా మెడలెత్తి నిలబడ్డారు. అప్పుడే పుట్టిన ఎండ వాళ్ల ముఖాల మీద పడుతోంది. ఆ కాసేపు ఎవరికీ పని లేదు, తొందర లేదు. నా ఉద్యోగమేమిటో నేను కూడా మరిచిపోయాను.

కొన్ని వారాలకు ఆ ఫొటో నా ట్యాబులోకి వచ్చింది. సచివాలయంలో ఒక్కదాన్నే కూర్చుని తెరిచాను. నేను రోజూ నడిచే ఊరు అది కాదనిపించింది. ఎర్రటి చేలు ఒకదాని పక్కన ఒకటి, అంచులు వంకరగా, ఆరబెట్టిన గుడ్డల్లా ఉన్నాయి. వాటి మధ్య ఒకచోట పసుపుపచ్చని చార. వేలితో పెద్దది చేసి చూశాను. తంగేడు. వదినా మరిదీ వదిలేసిన గెనిమ చోటు అది. నాగలి తగలని ఆ పట్టీలో తంగేడు తనంతట తాను మొలిచి, అంత పొడుగునా పూసింది. దానికి తూర్పున ఒక చుక్క, ఆకుపచ్చ చీర. పడమర ఇంకొక చుక్క, తెల్ల తలగుడ్డ. వదిన నిలబడుతుందని తెలిసి ఆయన కూడా పోయి తన చేన్లో నిలబడ్డాడన్నమాట. పొద్దుటి ఎండకు ఆమె నీడ సాగి, తంగేడు దాటి, ఆయన వైపు పడింది.

హద్దులు గీసే రోజు ఇద్దరికీ కబురు పెట్టాను. కర్రకు బిగించిన చిన్న యంత్రం పట్టుకుని నేను గెనిమ తావు చివర నిలబడ్డాను. అది ఉపగ్రహాలను అడిగి మనం నిలబడిన చోటేదో చెబుతుంది. కానీ ఆ చోటు ఎవరిదో దానికి తెలియదు. పాత పటంలో వీళ్ల పంపకమే లేదు. గీత ఎక్కడ పడాలో ఈ ఇద్దరే చెప్పాలి.

చెరొక పక్క నిలబడి, నాతో మాట్లాడారు.

"పాపా, ఆయప్పకు చెప్పు. నా పెండ్లి నాటినుంచి గెనిమ ఈడే ఉండె అని."

"ఆయమ్మకు చెప్పమ్మా, నేనేం దున్నలేదని. వానకు పోయింది. దేవుడు జూసినాడు."

"దేవుడు జూసినాడంట! ఆ రోజు దేవుడు యాడుండె అని అడుగు పాపా."

ఇద్దరి మధ్యా నేనేం మోయాలి? మాటలు నన్ను దాటి వాళ్లకు చేరుతూనే ఉన్నాయి. ఏం చేయాలో తోచక ట్యాబు తెరిచి ఫొటో చూపించాను. చూడాలంటే ఇద్దరూ దగ్గరికి రావాలి. వచ్చారు. ఎండకు తెర సరిగా కనపడకపోతే ఆమె చీర కొంగు పట్టి నీడ చేసింది. ఆ నీడలోకి ఆయనా తల వంచాడు.

"ఈ పచ్చగుండేదేంది?" అన్నాడాయన.

"మీ గెనిమే తాతా. తంగేడు పూత."

గాలికి తంగేడు కొమ్మలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.

"ఈ తలగుడ్డ ఎవురు?" అందామె.

"నేనే," అన్నాడు ఆయన. నాతో కాదు, ఆమెతో.

ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. "నువ్వెందుకు నిలబడుకుంటివి?"

"నువ్వు నిలబడుకుంటివి గదా."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, కాలేదు. ఆయన నవ్వలేదు, తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు. నేను యంత్రం తీసుకుని పొదల్లోకి దిగాను, కొలత తీసుకోవాలి గదా. లోపల చల్లగా ఉంది. నా అడుగుకు కౌజు పిట్టలు రెక్కలు టపటపలాడిస్తూ లేచాయి. ఎప్పుడు మొలిచిందో ఒక వేప మొక్క నా భుజం దాకా ఉంది. రేగు పండ్లు రాలి ఎండుతున్నాయి. చుట్టూ బోడి చేలుంటే ఈ సన్నని పట్టీలో ఇంత బతుకుందని బయట నిలబడితే తెలియదు. నేను పని మాని అక్కడే కాసేపు నిలబడిపోయాను.

"పాపా!" ఆమె గొంతు. "మధ్యలో గీత గీస్తే ఏమైతాది?"

"చెరిసగం అవుతుంది అవ్వా. ఎవరి సగం వాళ్లు దున్నుకోవచ్చు."

"ఈ సెట్లు?"

ఆమె తంగేడు కొమ్మ ఒకటి పట్టుకుని వదిలింది.

"గీకద్దు పాపా. దీన్ని ఇట్లే ఉండనీ. ఇద్దరి పేరా రాయి."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. చేను చివరిదాకా నడిచిపోయి, మళ్లీ వచ్చాడు. "దాంట్లో రెండు పేర్లు పడతాయామ్మా?" అన్నాడు.

పడతాయి. ఉమ్మడి ముక్క అని రాసే వీలుంది. కానీ ఇంత చిన్న పట్టీకి వేరే నంబరు ఇవ్వడం నేను చూడలేదు. పై అధికారికి ఫోను చేశాను.

"పోట్లాడుకునే వాళ్లకు ఉమ్మడిగా ఎట్లా ఇస్తావమ్మా? రేపు మళ్లీ నీ దగ్గరికే వస్తారు," అన్నాడు ఆ అధికారి.

ఫోను ఆమెకు ఇచ్చాను. "సారూ, మేమే అడుగుతాండాం. పోట్లాట అయిపోయింది," అందామె. ఫోను మరిది చెవి దగ్గర పెట్టింది. "ఊ, నిజమే సారూ," అన్నాడు ఆయన. ఇద్దరూ వేలిముద్రలు వేశారు. తంగేడు గెనిమ తన నంబరుతో కంప్యూటర్లోకి ఎక్కింది.

తర్వాత వాళ్లు ఒక్కసారిగా ప్రేమగా మారిపోలేదు. ఎవరి మేకలు ముందు పొదల్లోకి దూరాయని మళ్లీ వాదించుకునేవాళ్లు. కానీ ఒకరితో ఒకరే వాదించుకునేవాళ్లు, మధ్యలో నాకు పనిలేదు.

నాకు గండికోట దగ్గరి మండలానికి బదిలీ అయింది. సామాను సర్దుకుని బస్సు కోసం రోడ్డు మీదికి వస్తే, అక్కడ ఆ మరిది ఒక్కడే నిలబడి ఉన్నాడు. వదిన కర్నూలులో కూతురింటికి పోయి నెలవుతోందట, ఆ రోజు తిరిగొస్తోందట.

"పొద్దున్నుంచి ఉండానమ్మా. ఏ బస్సుకొచ్చేదీ చెప్పలా." నా ఫోను వైపు చూశాడు. "అన్నీ కనపడతాయంటివే దాంట్లో. బస్సు కనపడదా?"

బస్సు ఎక్కడుందో చూపే యాప్ తెరిచాను. ఆయన నా పక్కకు వచ్చి వంగి చూశాడు. తెర మీద సన్నని రోడ్డు వెంబడి చిన్న గుర్తు ఆగి ఆగి కదులుతోంది.

"యాడికొచ్చిందమ్మా?"

"ఆలూరు దాటింది తాతా."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.