ష్‌... ఆట ఎక్కుతోంది

పెదనాన్నకున్న పిచ్చి ఒక్కటే. ఆయన పాత కంప్యూటర్లోకి ఆట ఎక్కుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, నడవకూడదు, వీలైతే ఊపిరి కూడా ఆచితూచి తీసుకోవాలి.

ఇప్పటి ఆటలు వేలు తగిలితే తెరుచుకుంటాయి. పెదనాన్న ఆటలకు అంత చులకన బుద్ధి లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తీగలు కలిపి కలిపి రిటైరైన మర్నాడు, ఆయన వయసులో ఉండగా కొని అటకెక్కించిన కంప్యూటర్‌ను కిందికి దించాడు. పలకంత నల్లటి డబ్బా, దాని మీద రబ్బరు మీటలు. దాన్ని గోనెబస్తాలాంటి పాత టీవీకి తగిలించాడు. ఆటలన్నీ క్యాసెట్లలో ఉన్నాయి. క్యాసెట్‌ను టేప్‌రికార్డర్లో పెట్టి నొక్కితే, పిల్లి తోక తలుపు సందులో పడ్డట్టు ఒకటే కీచు. ఆ కీచే ఆట. అది తీగ గుండా డబ్బాలోకి ఎక్కాలి. చిన్న ఆటకు మూడు నిమిషాలు, పెద్ద ఆటకు ఏడు.

"ష్‌! ఎక్కుతోంది! ఎక్కడివాళ్ళక్కడ!" అనేవాడు పెదనాన్న చెయ్యెత్తి.

అంతే, ఇల్లు బొమ్మల కొలువైపోయేది. దర్జీ పని చేసే తమ్ముడు కుట్టుమిషను మీద కాలు గాల్లోనే ఆపేవాడు. కొలతలివ్వడానికి వచ్చిన పెద్దమనిషి చేతులు బార్లా చాపి, సగం ఎగిరిన గద్దలా నిలబడేవాడు. ఓసారి గ్యాసు బండ తెచ్చినతను దాన్ని భుజం మీంచి దించకుండా ఏడు నిమిషాలు మోశాడు. మరదలి మూకుడులో ఉల్లిపాయలు బొగ్గులైపోయేవి.

"బావగారూ, కనీసం పొయ్యి కట్టెయ్యనివ్వండి!" అని ఆవిడ కళ్ళతో మొరపెట్టుకునేది.

"చప్పుడుకి ఆట చెడిపోతుందమ్మా. మళ్ళీ మొదటికొస్తుంది," అని ఆయన కూడా కళ్ళతోనే జవాబిచ్చేవాడు.

అందరికన్నా ఎక్కువ ఉడికిపోయేది తమ్ముడి కొడుకు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు కనుక అందరూ అతణ్ణి ప్రూఫు అనే పిలిచేవారు. దొరికిన పుస్తకమల్లా చదివి, లోకం మొత్తం తప్పుల తడకేనని తేల్చుకున్నవాడు. దిద్దనివ్వరేమని అతని బాధ. ఒకసారి ఏడు నిమిషాలు తుమ్ము ఆపుకుంటే అది చెవుల్లోంచి వచ్చినంత పనైంది. అంతకన్నా పెద్ద అన్యాయం ఇంకోటుంది. తండ్రితో వాదనలో నోరు మూయించే మాట ఒకటి నాలుక చివరికి వచ్చే సమయానికే పెదనాన్నకు ఆడాలని బుద్ధి పుట్టేది.

"ష్‌! ఎక్కుతోంది!"

ఏడు నిమిషాలయ్యాక ఆ మాటేమిటో గుర్తొచ్చేది కాదు.

ఇలా ఉండగా పెదనాన్నకు కంట్లో శుక్లం తీయించాల్సి వచ్చింది. మంగళవారం ఆసుపత్రికి వెళ్తూ గుమ్మంలో ఆగి, "డబ్బా జోలికి ఎవరూ పోకండి," అన్నాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే ప్రూఫు దాని జోలికి పోయాడు. ఒక్కడూ ప్రశాంతంగా ఆడుకుందామని, పవర్ తీగ కనబడకపోతే ఇంటర్నెట్ పెట్టె తీగ పీకి గుచ్చాడు. పిన్ను చక్కగా పట్టింది. పట్టడమే కొంప ముంచింది. ఈ పాత డబ్బాకు ప్లస్సు ఉండాల్సిన చోట మైనస్సు ఉంటుందట. లోపలినుంచి సన్నగా పొగ లేచింది.

ఆ సాయంత్రమే దాన్ని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకుపోయినట్టు, పాత రేడియోలు బాగుచేసే ఆవిడ దుకాణానికి ఎత్తుకుపోయాడు. ఆవిడ వాసన చూసి, "ఎల్లుండి రా. బతకొచ్చు," అంది.

బుధవారం ఇంకో పొగ లేచింది. అచ్చాఫీసు యజమాని స్వయంగా రాసుకున్న జీవిత చరిత్రలో నాలుగు వందల పన్నెండు తప్పులున్నాయని ప్రూఫు నలుగురి ముందూ ప్రకటించాడు. సాయంత్రానికి ఉద్యోగం లేదు.

"అక్షరాలు దిద్దమని పెట్టుకుంటే యజమానిని దిద్దుతావేంట్రా?" అని తండ్రి మొదలుపెట్టాడు.

"తప్పుని తప్పంటే తప్పా?"

"నీ నోరే పెద్ద తప్పు!"

"ఒకళ్ళ కొలతల ప్రకారం బతకడం నీకు అలవాటు, నాకు కాదు!"

ఆ మాట అన్నాక, ప్రూఫు తనకు తెలియకుండానే మూలనున్న టీవీ వైపు చూశాడు. తండ్రీ అటే చూశాడు. ఎవరూ ష్‌ అనలేదు. పెదనాన్న కుర్చీ ఖాళీగా ఉంది. ఆపేవాళ్ళు లేని మాటకు ఇంకో మాట తోడైంది.

"అయితే నా ఇంట్లో ఎందుకు? పో!"

"పోతాను. రేపే పోతాను!"

తల్లి ఇద్దరి మధ్యా నిలబడి ఏడ్చింది. అదీ ఎవరికీ వినబడలేదు.

గురువారం పొద్దున్నే సంచి సర్దుకుని ప్రూఫు దుకాణానికి వెళ్ళాడు. ఇల్లు వదిలిపోయినా డబ్బా పాపం నెత్తిన పెట్టుకుని పోదలచుకోలేదు. ఆవిడ తీగలు తగిలించి, ఎక్కడో సంపాదించిన క్యాసెట్ వేసింది. కీచు మొదలైంది. ప్రూఫు ఒంటికాలి మీద ఆగిపోయాడు.

పక్క కొట్లో డ్రిల్లింగ్ మిషను గోడను తొలుస్తోంది. వీధిలో లారీ హారన్లు. ఆవిడ ఫోన్లో ఎవరినో గట్టిగా తిడుతోంది. తిట్టడం పూర్తిచేసి ఇటు తిరిగింది.

"ఏంటి బాబూ, కాలు పట్టేసిందా?"

"ష్‌! ఎక్కుతోందండీ! చప్పుడుకి చెడిపోతుంది!"

ఆవిడ పడీపడీ నవ్వింది. "తీగలోంచి పోయేదానికి గదిలో చప్పుడుతో పనేముంది? నువ్వు డోలు వాయించినా ఎక్కుతుంది. ఎవరు చెప్పారు నీకు?"

తెర మీద రంగుల చారలు పరుగెత్తి, ఆట నిక్షేపంలా వచ్చేసింది.

దారి పొడుగునా ప్రూఫు పళ్ళు నూరుకున్నాడు. పదకొండేళ్ళ తుమ్ములు! పదకొండేళ్ళ మాడిన ఉల్లిపాయలు! ఈ మోసం నలుగురి ముందూ బయటపెట్టి, తర్వాతే ఇల్లు వదలాలి.

అతను డబ్బాను దాని చోట పెట్టి, దుకాణం ఆవిడ ఇచ్చిన పవర్ తీగతో సహా తీగలన్నీ బిగించేసరికి వాకిట్లో ఆటో ఆగింది. కంటికి పట్టీ, దాని మీద నల్లద్దాలు, మరదలి చేయి ఆసరా. పెదనాన్న ఇంకా గుమ్మం దాటలేదు.

"అన్నయ్యా, మన రాజావారు ఉద్యోగం ఊడగొట్టుకొచ్చారు," అన్నాడు తమ్ముడు.

"రాజావారు ఇవాళ ఇల్లు కూడా వదిలేస్తున్నారు, పెదనాన్నా. సంచి సర్దేశాను."

"వెళ్ళు, ఎవరాపారు? వెళ్ళాక మళ్ళీ ఈ గడప..."

పెదనాన్న గోడ తడుముకుంటూ మూలకు వెళ్ళాడు. వేళ్ళతోనే ఒక క్యాసెట్ వెతికి పట్టుకున్నాడు. టేప్‌రికార్డర్ నొక్కాడు.

"ష్‌! ఎక్కుతోంది! ఎక్కడివాళ్ళక్కడ!"

ప్రూఫు నోరు తెరిచాడు. ఇదంతా అబద్ధం, డోలు వాయించినా ఎక్కుతుంది అనే మాట నాలుక చివరే ఉంది. తండ్రి వైపు చూశాడు. మెడలో టేపు, కాలు గాల్లో, కళ్ళు తెర మీద. అరవై ఏళ్ళ మనిషి ఆట చెడిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ప్రూఫు నోరు మూసుకున్నాడు.

రెండో నిమిషంలో తండ్రి పిడికిళ్ళు సడలాయి. నాలుగో నిమిషానికి ఆయన చూపు తెర మీంచి జారి కొడుకు భుజం మీద ఆగింది. ఆరో నిమిషానికి చేయి దానంతటదే సూదికోసం వెతుక్కుంటోంది. ఆట ఇంకా ఎక్కుతూనే ఉంది.

కీచు ఆగింది.

"చొక్కా ఇటు విప్పు," అన్నాడు తండ్రి. "భుజం దగ్గర కుట్టు ఊడింది. దర్జీ కొడుకువి, అలాగే వెళ్ళి ఉద్యోగాలడుగుతావా?"

ప్రూఫు చొక్కా విప్పాడు. "నలుగురిలో అనకుండా ఉండాల్సింది నాన్నా. నిన్నన్న మాట కూడా."

"సర్లే. ఎన్ని తప్పులన్నావు?"

"నాలుగు వందల పన్నెండు."

"పేజీలు?"

"తొంభై."

తండ్రి దారం కొరికి ఫక్కున నవ్వాడు. "వాడి జీవితానికి అవి తక్కువేరా!"

వాకిటి గుమ్మంలో తల్లి నిన్నటినుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది. ప్రూఫు కుర్చీ దగ్గర వంగి, గొంతు తగ్గించి అన్నాడు.

"పెదనాన్నా, డబ్బా కాల్చేశాను. బాగుచేయించి తెచ్చాను."

"నేను నాలుగుసార్లు కాల్చాన్రా. ఎప్పుడైనా నీకు చెప్పానా?"

"చప్పుడైనా ఆట ఎక్కుతుందట."

"ఎక్కుతుంది," అన్నాడు పెదనాన్న మరింత మెల్లగా. "మీ అమ్మ కోపం మూడు నిమిషాలు. గడియారం పెట్టి చూశాను. చిన్న ఆట చాలు. మీ నాన్నది ఆరు, ఏడులోపు తేలిపోతుంది. నీదే పాడు కోపం. నీకోసమని ఎక్కడెక్కడో వెతికి గొట్టాల ఆట తెప్పించాను. ఆడటానికి పరమ చెత్త, కానీ ఎక్కడానికి తొమ్మిదిన్నర నిమిషాలు. ఇప్పుడు వేసింది అదే."

"డాక్టరు వారం రోజులు తెర చూడొద్దన్నారుగా?"

"నేను చూస్తానన్నానా?"

ఇంతలో దర్జీ సూది పక్కన పెట్టి రబ్బరు మీటల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆట తనకు అచ్చివచ్చేలా లేదు.

"ఒరేయ్, ఈ గొట్టం ఎటు తిప్పాలి? నీళ్ళన్నీ కారిపోతున్నాయి!"

"కుడికి నాన్నా! కుడికి! అది ఎడమ!"

"అరవకు. తిప్పుతున్నా కదా!"

"ఎక్కడ తిప్పావు? అన్నీ కారిపోయాయి!"

తండ్రి కాస్త పక్కకు జరిగి చాప మీద చోటిచ్చాడు. "అయితే నువ్వే వచ్చి దిద్దు."