ఎర్ర డబ్బాలో పంపిన హారం

నాకు అక్షరాలు రాకముందే రంగులు చదవడం వచ్చింది. నేర్పింది ఒమాన్ దేశంలో, సలాలాలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన.

ఆ రోజుల్లో నేను ఒక అరబ్బు ఇంట్లో పనిచేసేదాన్ని. పైన ఇల్లు, కింద కొట్టు. మొదట్లో టైపు మిషన్లు బాగుచేసే కొట్టు అది. నేను వెళ్ళిన కొన్నేళ్ళకు కంప్యూటర్లు వచ్చాయి, ఇంకొన్నేళ్ళకు పాతబడిన కంప్యూటర్లు మూలన గుట్టలుగా పడ్డాయి. ఇంటి యజమానిని బాబా అనాలి, ఆయన భార్యను మామా అనాలి. మామా అంటే వాళ్ళ భాషలో అమ్మ. నాకంటే ఆరేడేళ్ళు చిన్నదాన్ని రోజుకు వందసార్లు అమ్మా అని పిలిచేదాన్ని.

నా కూతుర్ని నాలుగేళ్ళప్పుడు మా అక్క దగ్గర వదిలి వచ్చాను. మా ఆయన పోయాక ఇంకో దారి కనిపించలేదు. అక్కకు పిల్లల్లేరు. నా బిడ్డను కళ్ళల్లో పెట్టుకుని చూసింది, అందులో మాట అనడానికి లేదు. నాకు రాయడం రాదు, అక్కకూ రాదు. అందుకని క్యాసెట్లలో మాట్లాడుకునేవాళ్ళం. సెలవు మీద ఊరికి పోయేవాళ్ళ చేతికి ఇక్కడినుంచి ఒకటి ఇస్తే, తిరిగి వచ్చేవాళ్ళతో అక్కడినుంచి ఒకటి వచ్చేది. మొదటి క్యాసెట్లోనే అక్క గొంతు వినిపించింది. "చెప్పు నాయనా, అమ్మా బాగుండావా అని చెప్పు." తర్వాత నా బిడ్డ గొంతు. "అమ్మ ఈడే ఉంది గదా?" అక్క నవ్వింది. నేనూ నవ్వాను. చిన్నపిల్ల, ఏం తెలుసు అనుకున్నాను.

మూడేళ్ళు గడిచాక మొదటిసారి సెలవు మీద వెళ్ళాను. నేను చేతులు చాచితే నా బిడ్డ అక్క కొంగు చాటుకు పోయింది. వచ్చేసే రోజు వరకూ ఆ కొంగు వదల్లేదు.

కొట్టు ఊడ్చి తుడిచే పని శుక్రవారం పొద్దున నాది. ఆ రోజు కొట్టు మూసి ఉంటుంది. వెనక గదిలో ఉండే ఆ రిపేరు ఆయన నమాజుకు పోయేలోపు బల్ల ముందు కూర్చుని ఏదో ఒకటి విప్పుతూ ఉండేవాడు. మా కడప పక్క మనిషే. వాళ్ళింట్లో ఉర్దూ, నాతో మాత్రం మా మాట. ఒక శుక్రవారం ఆయన విరగ్గొట్టి చెత్తబుట్టలో వేసిన పచ్చటి పలక ఒకటి చేతికి తీసుకున్నాను. దాని మీద గోరంత గొట్టాలు, ఒక్కోదాని చుట్టూ సన్నటి రంగుల గీతలు. అంచున బంగారు రంగు పుల్లలు వరసగా.

"ఇది దేనికి పనికొస్తాది?" అని అడిగాను.

"దేనికీ రాదక్కా. కచరా."

"అయితే నాకియ్."

"ఏం జేసుకుంటావు? చారులో ఏస్తావా?"

"నా బిడ్డ మెడలో ఏస్తా."

ఆయన పగలబడి నవ్వాడు. "అరె, మెడలో కంప్యూటరు ఏసుకుంటే పిల్లకు లెక్కలు బాగా వస్తాయిలే!" అన్నాడు. కానీ ఆ రోజు నుంచి పారేసే బోర్డులన్నీ ఒక అట్టపెట్టెలో పక్కకు తీసి పెట్టాడు. సోల్డరింగ్ కడ్డీ వేడిచేసి, మైనంలా కరిగిన సీసంలోంచి ఒక్కో ముక్క ఎలా లాగాలో చూపించాడు. ఆ పొగ వాసన నా జుట్టుకు పట్టి శనివారం దాకా ఉండేది.

గొట్టాల మీది గీతల గురించి చెప్పింది ఆయనే. "ఇవి ముగ్గులు కాదక్కా, అంకెలు. నలుపంటే సున్నా. కాఫీరంగు ఒకటి. ఎరుపు రెండు. చదువు రానోళ్ళు గూడా దీన్ని చదవొచ్చు." నాలుగు శుక్రవారాల్లో పది రంగులూ వచ్చేశాయి. ఒక గొట్టం చేతిలో పెట్టి అడిగితే తప్పు లేకుండా చెప్పేదాన్ని. ఆయన "శభాష్ అక్కా, నువ్వు పాసు" అనేవాడు. నా జన్మలో నేను పాసైంది అదొక్కటే.

నా బిడ్డకు పన్నెండో ఏడు నడుస్తోంది. పన్నెండంటే కాఫీరంగు, దాని పక్కన ఎరుపు. అట్టపెట్టెలో ఉన్న వందల గొట్టాల్లోంచి కాఫీరంగు, ఎరుపు గీతలతో మొదలయ్యేవి పన్నెండు ఏరాను. వాటికే ఆరు నెలలు పట్టింది. వాటి మధ్య మధ్యన బంగారు పూత పుల్లలను కాసుల్లా వేలాడగట్టాను. పతకానికి ఆయనే ఒక చిప్పు ఇచ్చాడు. ఊదా రంగు పింగాణీ బిళ్ళ, నడుమ చదరంగా బంగారు రేకు. "దీంట్లో నిజంగానే రవ్వంత బంగారం ఉంటాదక్కా, పూతకు ఏస్తారు" అన్నాడు. దాని వీపున దువ్వెన పళ్ళలా నిండా ముళ్ళు. కటింగ్ ప్లేయరుతో ఒక్కొక్కటే కత్తిరించి, ఆకురాయితో రుద్దాను. అరచేతి మీద, చెంప మీద, మెడ మీద ఆనించి చూసుకుని మళ్ళీ రుద్దేదాన్ని. సలాలాలో వానల కాలం మంచు దిగితే గోడలకు కూడా చెమట పడుతుంది. మూడు నెలల ఆ తడికి రాగి తీగ పచ్చగా చిలుం పట్టింది. అదంతా తోమి, మామా పారేసిన గోళ్ళ రంగు సీసాలో మిగిలిన రంగులేని పూత పూశాను. కమ్మలు కూడా మొదలుపెట్టాను, రాగి తీగ చుట్టిన చిన్న ఉంగరాల్లాంటి వాటితో. ఒకటి పూర్తయింది. జతకు రెండోది దొరకలేదు.

అప్పుడే ఊరినుంచి కబురు వచ్చింది, పిల్లకు ఓణీల ఫంక్షన్ చేస్తున్నామని. నాకు సెలవు రావడానికి ఇంకా ఏడాది ఉంది. మామాకు పచ్చి బాలింత రోజులు. అడిగి చూశాను, "వచ్చే ఏడు పో" అంది.

పక్క వీధి ఇంట్లో పనిచేసే ఒకామె మా మండలం మనిషి, ఆ వారంలో సెలవు మీద పోతోంది. హారం ఆమె చేతికి ఇవ్వాలనుకున్నాను. ఉత్త ప్లాస్టిక్ కవర్లో పంపడానికి మనసు రాలేదు. మామా కొత్త గాజులు కొన్నప్పుడు వచ్చిన ఎర్రటి డబ్బా చెత్తలో కనిపిస్తే తీసి దాచి ఉన్నాను. లోపల మెత్తటి గుడ్డ. మూత లోపలివైపు బంగారు అక్షరాలతో చిన్న అట్టముక్క ఉండింది. అది డబ్బాకు అందం అనుకున్నాను. హారం అందులో పెట్టి, చుట్టూ టేపు వేసి, ఆ తర్వాతే కిందికి తెచ్చి రిపేరు ఆయనకు చూపించాను. "భలే ప్యాక్ చేసినావక్కా" అన్నాడు.

ఈసారి క్యాసెట్ పంపలేదు. ఈ ఒక్క మాట నా బిడ్డకు మిషన్ లోంచి కాకుండా మనిషి నోట తెలియాలనుకున్నాను. ఆమెతో పదిసార్లు చెప్పాను. "ఇది మీ యమ్మ చేత్తో చేసింది, పాత కంప్యూటరు సామాన్లతో చేసింది, గీతల్లో నీ వయసు ఉండాది అని చెప్పల్ల. మర్చిపోవద్దు." ఆమె "నేను చెప్తా గదా మ్మే, ఎన్నిసార్లు చెప్తావు" అని విసుక్కుంది.

నెలన్నర తర్వాత ఆమే తిరిగి వచ్చింది. క్యాసెట్ తెచ్చింది. మా బావ ఫంక్షన్ జరిగినంతసేపూ టేపు రికార్డరు పెట్టి ఉంచాడట, నేను వింటానని. మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక, వంటింట్లో గట్టు మీద మామా టేపు రికార్డరు పెట్టుకుని, చెవి దగ్గర చేర్చుకుని విన్నాను.

మేళం, పిల్లల అరుపులు, గిన్నెల చప్పుడు. తర్వాత మైకులో చదివింపులు. మేనత్త స్టీలు బిందె. ఎవరో పట్టుచీర. తర్వాత మైకు ఆయన గొంతు పెంచాడు. "మస్కట్లో ఉండే తల్లి చదివింపు, ఇరవైరెండు క్యారెట్ల బంగారు హారం! మస్కట్ డిజైను!" మా ఊరికి ఒమాన్ అంతా మస్కటే. ఈలలు వినిపించాయి. నాకు ఏమీ అర్థం కాలేదు. తమాషాకు అంటున్నాడేమో అనుకున్నాను.

"ఏదీ, ఆచారీ, నువ్వు సూడు. ఎన్ని తులాలుంటాది?" అన్నారెవరో.

హారం చేతులు మారిన గలగల. తర్వాత మా ఊరి కంసాలి ముసలి గొంతు. "ఇది బంగారం కాదప్పా. ఏందో మిషన్ సామాను."

"ఏం మాట్లాడ్తాండావు? డబ్బాలో రాసి ఉండాది గదా ఇరవైరెండని! నేనే చదివినా." అది మా బావ.

"రాసి ఉండేది డబ్బా మీద. నన్ను సూడమనింది దీన్ని."

"కరెంటుతో పనిచేస్తాదేమో మామా, ప్లగ్గులో పెట్టి సూడు!" ఎవడో అన్నాడు. పందిరంతా నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు. ఇంకో ఆడగొంతు, మైకుకు దగ్గర్లోనే, "సొంత బిడ్డనే మోసం చేసేదానికి మనసెట్లొచ్చిందో" అంది.

"ఊరుకోండి, పిల్ల వింటాంది" అని అక్క కసిరింది.

అప్పుడు నా బిడ్డ గొంతు. ఏడుస్తోంది. "అమ్మా!"

నేను "ఆ" అన్నాను. సలాలాలో, వంటింట్లో, గట్టు మీద చెయ్యి పెట్టుకుని, పైకి వినపడేలా పలికాను.

"తీసెయ్‌మ్మా దీన్ని. అందరూ నవ్వుతాండారు. గుచ్చుకుంటాంది."

"తీస్తాండా నాయనా. ఉండు, కదలొద్దు" అంది అక్క.

ఆ తర్వాత ఇంకా చాలాసేపు టేపు నడిచింది. భోజనాల పిలుపులు, కుర్చీలు లాగిన చప్పుడు. దాన్ని పంపేముందు అక్కావాళ్ళు ఒక్కసారి విని ఉంటే తుడిపేసేవాళ్ళే. వినలేదు, అంతే. నేను ఆ చోటికి వెనక్కి తిప్పి ఎన్నిసార్లు విన్నానో తెలియదు. మోసం అన్న మాట కోసం కాదు. "గుచ్చుకుంటాంది" అన్నది కదా, ఏ ముల్లు దగ్గర గరుకు మిగిలిపోయిందా అని ఆ హారం మొత్తం మనసులో వేలితో తడుముకుంటూ విన్నాను.

పక్క వీధి ఆమెను అడిగితే తల దించుకుంది. "బస్టాండులో మీ బావ చేతికిచ్చినా మ్మే. మా వాళ్ళు జీపు స్టార్ట్ చేసి పిలుస్తాండ్రి. పిల్లను నేను సూడనే లేదు." ఆమెను ఏమనగలను? రెండేళ్ళకు ఒకసారి పోయే మనిషి, సొంత పిల్లలు జీపులో ఉన్నారు.

శుక్రవారం రిపేరు ఆయనకు క్యాసెట్ సంగతి చెప్పాను. మామా దగ్గర అలాంటి ఎర్ర డబ్బానే ఇంకొకటి ఉంటే తెచ్చి మూత తీసి చూపించాను. అట్టముక్క చదివి, ఆయన నుదురు కొట్టుకున్నాడు. "ఇరవైరెండు క్యారెట్లని రాసుందక్కా. డబ్బాకు టేపు ఏసేముందు ఒక్క మాట నన్ను అడగొద్దా?" నాకు పది రంగులు చదవడం వచ్చు. ఆ నాలుగు బంగారు అక్షరాలు రాలేదు.

ఆ వారమే క్యాసెట్లో అంతా చెప్పి పంపాను. బావ మంచివాడు. "పోనీలే, నీ తప్పేముంది, జరిగిందేదో జరిగింది" అని జవాబు వచ్చింది. అక్క ఏడ్చింది. నా బిడ్డ గొంతు ఆ క్యాసెట్లో లేదు.

మరుసటి ఏడు సలాలా వదిలేసి ఊరికి వచ్చేశాను. కూతురికి పద్నాలుగేళ్ళు నిండబోతున్నాయి, నాకంటే పొడుగైంది. నా సంచి తనే అందుకుంది. "బాగుండావా చిన్నమ్మా" అంది. ఎవరో నేర్పించిన మాట కాదు, దానంతటదే వచ్చింది. చిన్నమ్మనే కదా మరి, అమ్మ ఇంట్లో ఉన్నాక. నాలుగు రోజులు ఆగి, మామూలుగా అడిగినట్టు అడిగాను, ఆ హారం ఏమైందని.

"మేకపిల్లకు కట్టినా చిన్నమ్మా. దానికి చానా బాగుండె. ఎండలో తళతళమనేది, యాడున్నా కనపడేది."

"ఆ మేకపిల్ల ఏదీ?"

"నాయన సంతలో అమ్మేసినాడు. తీసేది మర్చిపోయినా." అలా అనేటప్పుడు దాని ముఖంలో నిజంగానే దిగులు కనిపించింది. మేకపిల్ల కోసమని నాకు తెలుసు. అయినా ఆ దిగులును కాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇక మళ్ళీ పోలేదు. నేను ఊళ్ళోనే వేరే గదిలో ఉండిపోయాను, కూతురు అక్క దగ్గరే పెరిగి పెళ్ళి చేసుకుంది. యాభై దాటాక మా పొదుపు సంఘం ఆడవాళ్ళకు మధ్యాహ్నాలు చదువు చెప్పే టీచరమ్మ వస్తే పలక పట్టుకున్నాను. అందరూ ముందు తమ పేరు రాయడం నేర్పమన్నారు. నేను టీచరమ్మతో, నాకు రెండు వాక్యాలు కావాలి, అవి వచ్చాక పేరు నేర్చుకుంటానని చెప్పాను.

మొన్న నా కూతురు తన బిడ్డతో వచ్చింది. పాపకు చెవులు కుట్టించి ఆరు నెలలైంది. సలాలానుంచి వచ్చేటప్పుడు రిపేరు ఆయన ఎక్కడో వెతికి ఇచ్చిన రెండో రాగి తీగ ఉంగరంతో కమ్మల జత ఎప్పుడో పూర్తిచేసి దాచాను. అగ్గిపెట్టెలో దూది పరిచి, కమ్మలు పెట్టి, పైన చీటీ పెట్టి ఇచ్చాను. చీటీలో, "ఇది బంగారం కాదు. నీ కోసం నేను చేసినాను" అని రాసి ఉంది.

చదివింది. "నువ్వే రాసినావా చిన్నమ్మా?" అని అడిగింది. ఊ అన్నాను. చీటీని మళ్ళీ ఒకసారి చూసి, మడతమీదే మడిచి పెట్టింది. ఒక కమ్మ తీసి పాప చెవి దగ్గర పెట్టి చూసింది, చెవికి ఆనించలేదు.

"గుచ్చుకుంటాయేమో చిన్నమ్మా. నీ దగ్గరే ఉండనీ" అని అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.

వాళ్ళు బస్సెక్కాక ఆకురాయి తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. రెండు కొక్కేలూ మళ్ళీ రుద్దాను. చెంప మీద ఆనించి చూశాను, మెడ మీద ఆనించి చూశాను. నాకైతే ఎక్కడా గుచ్చుకోవడం లేదు.