ఆర్డిస్ మామ్మ పదకొండో తరగతి

మా కౌంటీలో ఆర్డిస్ కోల్టర్‌మన్ చేయని పని లేదు. ఏటా జరిగే సంతలో వంటల పోటీలకు మొదటి బహుమతిగా ఇచ్చే నీలి రిబ్బన్లు నలభై మూడు గెలిచింది. నలుగురు పిల్లల్ని పెంచింది. చర్చిలో ముప్పై ఏళ్లు ఆర్గన్ వాయించింది. లేనిదల్లా హైస్కూలు పట్టా. ఒంటిగది పల్లెబడిలో ఎనిమిదో తరగతితోనే చదువు ఆగిపోయింది మరి. డెబ్బై ఒకటో ఏట స్కూలు బోర్డును ఒప్పించి పిల్లల మధ్య కూర్చుంది. లెక్కలూ సైన్సూ గట్టెక్కాయి, పదకొండో తరగతి అమెరికన్ సాహిత్యం ఒక్కటే మిగిలింది. మైదానంలో సేద్యం చేసుకునే ఓ కుటుంబం నవల చదివి, శుక్రవారం గంట కొట్టేలోగా వ్యాసం ఇవ్వాలి. అది తప్పితే పట్టా లేదు.

బుధవారం పిల్లలు వ్యాసాలు మార్చుకుని ఒకరివొకరు దిద్దాలి, సాహిత్యం చెప్పే పవేల్కా మాస్టారి పద్ధతి అది. మామ్మ కాగితాలు పదహారేళ్ల బ్రిన్ చేతిలో పడ్డాయి.

"మామ్మా, ఇందులో నువ్వున్నావ్, నీ ఆవులున్నాయ్. నవల ఏదీ?"

"నవల్లో వడగళ్ల వాన రాసినాయన ఎప్పుడైనా వడగళ్లు చూశాడటే? నా పంట మూడుసార్లు పోయింది. చెప్తే తప్పా?"

"మాస్టారు అడిగింది పుస్తకం గురించి. ఇలా ఇస్తే సున్నాయే."

"నీ వయసుకి నేను ట్రాక్టరు విప్పి బిగించానే పిల్లా!"

"పోయినేడు సంతలో నేను కాల్చిన చెర్రీపళ్ల 'పై' వంటకానికి మూడో బహుమతి ఇచ్చిన జడ్జీవి నువ్వేగా? తెల్లారకుండా లేచి చేశానని ఏడిస్తే ఏమన్నావ్?"

"ఎప్పుడు లేచావో నాకెందుకు, పళ్లెంలో ఉన్నదే చూస్తానన్నాను."

"మరి?"

వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. మామ్మ నాలుగు పేజీలూ అడ్డంగా కొట్టేసింది.

గురువారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర వడగళ్ల అధ్యాయం మళ్లీ చదివింది. పంట నేలపాలయ్యాక ఆ రైతు భార్య ఏడవదు, మొగుణ్ణి ఓదార్చదు. పొయ్యి రాజేసి, వడగళ్లకు చచ్చిన కోళ్ల ఈకలు పీకుతూ కూర్చుంటుంది. ఎందుకో రచయిత చెప్పడు. మామ్మ చెప్పింది: ఏడుపు రేపైనా ఏడవచ్చు, కోడిమాంసం రేపటిదాకా ఆగదు. పుస్తకంలోని వాక్యాలే సాక్ష్యం పెట్టి మూడు పేజీలు రాసింది. ఒక్కచోట కూడా "నేను" లేదు.

సోమవారం కాగితాలు తిరిగొచ్చాయి. బి ప్లస్. కింద మాస్టారి రాత: "ఇన్నేళ్లు ఈ నవల చెబుతున్నా, కోళ్ల సంగతి నాకు తట్టలేదు."

"తట్టనిది చెప్పినందుకు 'ఏ' గ్రేడు ఇవ్వొద్దటయ్యా?" అని నిలదీసింది మామ్మ.

"కామాలు, ఆర్డిస్ గారూ, కామాలు!"

కామాలను తిట్టుకుంటూనే ఆఫీసుకెళ్లి పట్టా అందుకునేనాడు వేసుకునే గౌనుకు కొలతలిచ్చింది. ఎత్తు మాత్రం ఒక అంగుళం ఎక్కువే చెప్పింది.